గూడు తలుపు ఎవరి పని?

పెరట్లో నాలుగు కోళ్లుంటే బాగుంటుందని ఇంట్లో అందరూ అంటారు. పిల్లలకు నాటుగుడ్డు దొరుకుతుంది, మిగిలిన అన్నం వృథా కాదు, పురుగూ పుట్రా ఏరుకు తింటాయి. అంతవరకూ ఎవరికీ పేచీ లేదు. సంతకు వెళ్లి ఎనిమిది తెస్తారు. నెల తిరిగేసరికి అయిదు మిగులుతాయి. పిల్లి పట్టుకుపోయిందని ఒకరు, గాలి సోకిందని ఒకరు, అమ్మినవాడే రోగపు కోళ్లు అంటగట్టాడని మరొకరు అంటారు. కాస్త తరచి అడిగితే ఇలాంటి మాటలు బయటికొస్తాయి:

"చిన్నోడా, రాత్రి గూడు మూశావట్రా?"

"అక్క మూసిందనుకున్నా నానమ్మా."

"నాకెవరు చెప్పారు? రోజూ నాన్నే కదా మూసేది!"

అందరి పని ఎవరి పనీ కాకుండా పోతుంది. కోళ్ల పెంపకంలో ఖర్చు తక్కువ, నైపుణ్యం కూడా మెల్లగా అదే వస్తుంది. రానిదల్లా వేళ తప్పకుండా చేసే అలవాటు. పొద్దున పదిహేను నిమిషాలు, పొద్దుగూకే వేళ పదిహేను నిమిషాలు, మధ్యాహ్నం నీళ్ల వైపు ఒక చూపు. ఇంతే పని. కానీ ఇది పండగ రోజూ చేయాలి, జ్వరం వచ్చిన రోజూ చేయాలి. అందుకే ఏ జాతి కోడి, ఏ మేత అనేవాటికంటే ముందు తలుపు తీసి మూసే మనిషెవరో తేలాలి. ఆ మనిషి ఊరెళితే ఆ పని చూసేదెవరో కూడా తేలాలి.

కొనేముందు

కొత్తవాళ్లకు నాలుగైదు పెట్టలు చాలు. గుడ్ల కోసమే అయితే పుంజు అక్కర్లేదు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది, ఆ గుడ్డు పిల్ల కాదు, అంతే తేడా. పిల్లలు కావాలంటే ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు సరిపోతుంది. గోడకు గోడ ఆనుకున్న పట్నపు ఇళ్లలో మాత్రం పుంజు జోలికి పోకండి. అది తెల్లవారకముందే మొదలుపెడుతుంది, మన కోడి కూస్తేనే తెల్లవారాలని పక్కింటివాళ్లకేమీ లేదు. మున్సిపాలిటీ నిబంధనలు ఊరికో రకంగా ఉంటాయి కాబట్టి వాటినీ ముందే కనుక్కోండి.

ఇక జాతి. మామూలు నాటుపెట్ట ఏడాదికి యాభై, అరవై గుడ్లు పెడుతుంది. గుడ్లు తక్కువైనా పొదుగుతుంది, పిల్లల్ని సాకుతుంది, గద్ద నీడ పడితే చెట్టు కిందికి చేరుతుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి రకాలను రూపొందించింది. సరిగా మేపితే ఇవి ఏడాదికి నూరు గుడ్లు దాటి పెడతాయి. గుడ్లే ముఖ్యమనుకుంటే గ్రామప్రియ, గుడ్లూ మాంసమూ రెండూ కావాలంటే వనరాజా. అయితే వీటికి పొదిగే గుణం బాగా తక్కువ. అందుకే తెలివైన ఇల్లాలు నాలుగు గ్రామప్రియలతోపాటు ఒక నాటుపెట్టను ఉంచుకుంటుంది. గుడ్లు ఇవి పెడతాయి, పొదిగే పని అది చూస్తుంది.

మన ప్రాంతపు అసీల్ చూడ్డానికి రాజసంగా ఉంటుంది. గుడ్లు తక్కువ, కొట్లాట ఎక్కువ, కలిపి పెంచడం కష్టం. సంక్రాంతి పందెం మీద ఆశతో పెంచాలనుకుంటే ఆ ఆశ మానుకోండి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం కోడిపందెం నేరం.

గూడు ఎంత ఉండాలి? పగలు బయట తిరిగే కోడికి రాత్రి పడుకోవడానికి రెండు చదరపు అడుగులు చాలు. నేలకు అడుగున్నర ఎత్తులో కాళ్ల మీద నిలబెడితే తేమ, ఎలుక రెండూ తగ్గుతాయి. లోపల వాలడానికి రెండంగుళాల వెడల్పు కర్ర, అంచులు నున్నగా చెక్కి, కోడికి ఎనిమిది అంగుళాల చొప్పున బిగించండి. గుడ్లు పెట్టే పెట్టె అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉంటే నాలుగైదు పెట్టలకు ఒకటి సరిపోతుంది. ఆ పెట్టె వాలే కర్రకంటే కిందనే ఉండాలి. పైన ఉంటే కోళ్లు అందులోనే పడుకుని రెట్టతో పాడుచేస్తాయి. బజారులో దొరికే పలచటి కోళ్ల వల కోడిని బయటికి పోకుండా ఆపుతుందేగానీ కుక్కనూ ముంగిసనూ లోపలికి రాకుండా ఆపలేదు. అరంగుళం కన్నాలున్న గట్టి ఇనుప జాలీ కొనండి. డబ్బు ఎక్కడైనా తగ్గించుకోండి గానీ జాలీ దగ్గర, గడియ దగ్గర వద్దు.

పొద్దున: తలుపు తీసి నిలబడండి

తలుపు తీసి చాలామంది వెనక్కి తిరిగి వెళ్లిపోతారు. మీరు పక్కకు తప్పుకుని అక్కడే నిలబడండి. రోజు మొత్తంలో కోళ్లు మీకు అన్నీ చెప్పే సమయం అదే.

కోడి జబ్బును దాచుకుంటుంది. నీరసపడినదాన్ని తోటి కోళ్లే పొడుస్తాయి, మేత దగ్గరికి రానివ్వవు. కోళ్లలో ఎవరు ఎవర్ని పొడవవచ్చో ఒక వరస ఉంటుందని నార్వే శాస్త్రవేత్త షెల్డరుప్-ఎబ్బె 1920ల మొదట్లో రాశాడు. ఆ వరసలో కింద పడకూడదని జబ్బు కోడి ఓపిక ఉన్నంతవరకూ మామూలుగానే నడుస్తుంది. తల వాల్చి మూలకు చేరిందంటే జబ్బు మొదలై అప్పటికే రోజులు గడిచాయని అర్థం. అందుకే చిన్న మార్పును పట్టుకునే కన్ను కావాలి. ఆ కన్ను రోజూ చూసే మనిషికే వస్తుంది.

రోజూ మొదట దూకే కోడి ఇవాళ చివర వచ్చిందా? జుట్టు ఎర్రగా ఉందా, పాలిపోయిందా, నల్లబడిందా? కళ్లు తెరుచుకుని ఉన్నాయా? నోరు తెరిచి ఊపిరి తీస్తోందా? తర్వాత వాలే కర్ర కింద రెట్ట చూడండి. ముదురు రంగు ముద్ద మీద తెల్లటి సున్నంలా ఉంటే బాగున్నట్టు. మధ్యమధ్య గోధుమరంగులో జిగటగా, కంపు కొడుతూ ఒకటి పడుతుంది, అదీ మామూలే. ఆకుపచ్చగా నీళ్లలా పడినా, నెత్తురు కనబడినా ఆ కోడిని వెంటనే వేరే గంప కింద పెట్టండి.

అనుమానం ఉన్న కోడిని పట్టుకుని మెడ మొదట్లో, కాస్త కుడివైపు వేళ్లతో తడమండి. అక్కడ మేత తిత్తి ఉంటుంది. సాయంత్రం అది నిమ్మకాయంత నిండుగా తగలాలి. పొద్దున తలుపు తీసేసరికి ఖాళీగా, చర్మం వదులుగా ఉండాలి. పొద్దున కూడా గట్టిగా తగిలితే పీచుగడ్డో దారప్పోగో అడ్డుపడిందన్నమాట. సాయంత్రం కూడా ఖాళీగానే ఉంటే దాన్ని మిగతావి తిననివ్వడం లేదు, లేదా దానికి ఒంట్లో బాగాలేదు.

నీళ్లు ముందు, మేత తర్వాత

మేత ఒక పూట తప్పితే కోడి తట్టుకుంటుంది. నీళ్లు ఒక పూట తప్పితే గుడ్లు తగ్గుతాయి, ఎండాకాలంలో అయితే ప్రాణమే పోతుంది. తిన్న మేతకు రెట్టింపు బరువు నీళ్లు తాగుతుంది, మే నెల ఎండల్లో అంతకు మించి తాగుతుంది. గిన్నెను రోజూ పొద్దున పీచుతో తోమి నింపండి. లోపల వేలితో రాస్తే జారుడుగా తగిలితే అది తోమినట్టు కాదు. గిన్నెను కోడి వీపు ఎత్తులో ఇటుక మీద పెడితే మట్టి, రెట్ట పడవు.

పెద్ద కోడి రోజుకు నూరు నుంచి నూట ఇరవై గ్రాములు తింటుంది. తిరగడానికి చోటుంటే అందులో సగానికి పైగా అదే వెతుక్కుంటుంది. మిగిలింది నూకలు, జొన్నలు, సజ్జలు, మొక్కజొన్న రవ్వ, తవుడు కలిపి సాయంత్రం గూటి దగ్గర వేయండి. సాయంత్రం వేస్తే రెండు లాభాలు. పగలంతా పురుగులు వెతుక్కుంటాయి, చీకటి పడేవేళకు పిలవకుండానే ఇంటికొస్తాయి. ఒట్టి గింజలతో మాంసకృత్తులు చాలవు, వేరుశనగ చెక్క కొద్దిగా కలపాలి. పల్లెల్లో పాత కుండలో ఎండుగడ్డి, పేడ నింపి, నీళ్లు చల్లి, చెదలున్న చోట బోర్లిస్తారు. మర్నాడు పొద్దున ఎత్తితే చెదలు నిండి ఉంటాయి, కోడిపిల్లలకు అంతకు మించిన మేత లేదు.

బూజు పట్టిన మొక్కజొన్న, బూజు పట్టిన చెక్క కోళ్లకే కదా అని వేయకండి. ఆ బూజు విషం కోడి కాలేయాన్ని పాడుచేస్తుంది. పచ్చళ్లు, ఉప్పెక్కువైన కూరలు కూడా వద్దు. గుడ్డు పెంకుకు సున్నం కావాలి కాబట్టి ఆల్చిప్పల పొడి గానీ, గుడ్డు పెంకులను ఎండబెట్టి దంచిన పొడి గానీ వేరే గిన్నెలో పెట్టండి, అవసరమైన పెట్ట తింటుంది. కోడికి పళ్లు లేవు, గింజను కందనకాయలో రాళ్లతో నూరుకుంటుంది. ఎప్పుడూ గూట్లోనే ఉండే కోళ్లకు గరుకు ఇసుక కూడా పెట్టాలి.

కోడిని పట్టుకోవడం

పెరడంతా పరుగెత్తించి రెక్క దొరకబుచ్చుకుని పట్టుకోవడం మనకు అలవాటు. ఆ తర్వాత కాళ్లు కట్టి సైకిల్ హ్యాండిల్‌కు తలకిందులుగా వేలాడదీస్తాం. కోడికి మనలా పొట్టనూ ఊపిరితిత్తులనూ విడదీసే బలమైన పొర లేదు, రొమ్ము ఎముకను కదిలించి ఊపిరి తీసుకుంటుంది. తలకిందులు చేస్తే లోపలి అవయవాల బరువంతా ఊపిరి తీసే చోట పడుతుంది. రొమ్మును గట్టిగా నొక్కినా ఊపిరాడదు. చిన్నపిల్లలు ముద్దుగా బిగించి పట్టుకున్నప్పుడు కోడిపిల్లలు చచ్చిపోయేది అందుకే.

పట్టుకోవడానికి మంచి వేళ రాత్రి. చీకట్లో కోడికి సరిగా కనిపించదు, కర్ర మీదే ఉండిపోతుంది. టీకా వేయాలన్నా, పేలు చూడాలన్నా, కొత్త కోడిని మందలో కలపాలన్నా దీపం తక్కువగా పెట్టుకుని రాత్రే చేయండి. పగలు తప్పకపోతే మూలకు తోలి, పైనుంచి రెండు చేతులతో రెక్కలు మూసి పట్టండి. తర్వాత కుడి అరచేతిని రొమ్ము కిందికి జార్చి, రెండు కాళ్ల మధ్య ఒక వేలు ఉంచి కాళ్లు పట్టుకోండి. రొమ్ము మీ ముంజేయి మీద ఆనాలి, తల మీ మోచేతి వైపు ఉండాలి, రెండో చేయి వీపు మీద తేలిగ్గా ఉంటే చాలు. కొద్ది క్షణాల్లో కాళ్లు విదిలించడం మానుతుంది. దింపేటప్పుడు కాళ్లు నేలకు ఆనేదాకా వదలకండి. మీదికొచ్చే పుంజును కాలితో తంతే అది పోట్లాటనుకుని మర్నాడు మళ్లీ వస్తుంది. ఎత్తి చంకలో పెట్టుకుని కాసేపు మీ పని మీరు చేసుకోండి.

కోడిని పట్టుకున్నాక, గూడు శుభ్రం చేశాక సబ్బుతో చేతులు కడుక్కోవడం పిల్లలకు మొదటిరోజే నేర్పండి.

గుడ్డు, పొదుగు, పిల్ల

గుడ్లు రోజూ తీయండి. వదిలేస్తే పగులుతాయి. పగిలినదాన్ని ఒక కోడి రుచి చూసిందంటే గుడ్లు తినే అలవాటు మందంతటికీ పాకుతుంది. గుడ్డు మీద కంటికి కనిపించని పూత ఒకటి సూక్ష్మక్రిములను ఆపుతుంది. కడిగితే అది పోతుంది కాబట్టి నిల్వ ఉంచే గుడ్డును పొడిగుడ్డతో తుడిచి ఊరుకోండి, వండేముందు కడుక్కోండి. కోళ్లు ఈకలు రాల్చే రోజుల్లో గుడ్లు ఆగిపోతాయి. అది రోగం కాదు, మేత తగ్గించకండి.

పెట్ట గుడ్లపెట్టె వదలకుండా, చేయి పెడితే ఈకలు ఉబ్బించి కసురుతుంటే అది పొదుగుకొచ్చిందన్నమాట. వారం లోపు పెట్టిన గుడ్లను, మరీ చిన్నవీ మరీ పెద్దవీ కాకుండా, పది పన్నెండు ఏరి పెట్టండి. ఏడో రోజు రాత్రి గుడ్డు వెనక ఫోన్ టార్చి వెలిగిస్తే నెత్తుటి గీతలు కనబడాలి. ఏమీ లేకుండా తేటగా ఉన్నవాటిని తీసేయండి. ఇరవై ఒకటో రోజుకు పిల్లలు వస్తాయి. పొదిగే పెట్ట రోజుకొకసారే లేస్తుంది, అప్పటికి మేతా నీళ్లూ దగ్గర్లోనే ఉండాలి.

తల్లి లేని పిల్లలను తెస్తే మొదటి వారం 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. థర్మామీటర్ లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద ఒకదాని మీద ఒకటి పడితే చలి, దూరంగా పోయి నోరు తెరిస్తే వేడి ఎక్కువ, చెదిరి తింటుంటే సరిపోయినట్టు. రాగానే ముందు నీళ్లు తాగించి, ఆ తర్వాతే దాణా పెట్టండి. ఆరుబయట వదిలాక కాకి, గద్ద, జెముడుకాకి కన్ను వాటి మీదే ఉంటుంది. పిల్లలు కాస్త ఎదిగేదాకా పైన వల ఉండాల్సిందే.

ఎండ, వాన

కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పడం, రెక్కలు ఒంటికి దూరంగా పెట్టడం, ఇవే దానికి చల్లబడే దారులు. కోస్తాలోనైనా తెలంగాణలోనైనా ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మేత వేయకండి, అరుగుదల ఒంట్లో వేడి పెంచుతుంది. చల్లబడ్డ వేళల్లో, అంటే తెల్లవారుజామునా సాయంత్రమూ వేయండి. రేకుల పైకప్పు మీద వరిగడ్డి పరిచి నీళ్లు చల్లండి. నీడలో కొంత ఇసుక తడిపి ఉంచితే కోళ్లు అందులో పొట్ట ఆనించి పడుకుంటాయి.

వానాకాలంలో శత్రువు తేమ. గూట్లో పరిచిన ఊక తడిస్తే కోడిపిల్లలకు నెత్తుటి విరేచనాల జబ్బు పెరుగుతుంది. పిడికెడు ఊక తీసి నొక్కితే ముద్దకట్టిందంటే మార్చాలి. ఏ కాలమైనా ఒక మూల పొడిమట్టి, కట్టెల బూడిద పోసి ఉంచండి. అందులో పొర్లితే పేలు తగ్గుతాయి. వాన తగలని చోటు చూసి పోయండి.

రోగం వస్తే

మన ఊళ్లలో పెరటి కోళ్లను ఊడ్చిపెట్టేది కొక్కెర రోగం. హిమాలయాల్లోని రాణిఖేత్ ఊరి పేరుతో ఇది పుస్తకాల్లో ఉంటుంది. మెడ తిరిగిపోవడం, ఆకుపచ్చ రెట్ట, గురక, కాళ్లు చచ్చుబడటం దాని గుర్తులు. వచ్చాక మందు లేదు, రాకుండా టీకా ఉంది. కోడిపిల్లలకు మొదటి వారంలో కంట్లో గానీ ముక్కులో గానీ చుక్క, ఎనిమిది వారాల వయసులో రెక్క కింద చర్మంలోకి ఇంజెక్షన్, ఆపైన పశువైద్యులు చెప్పిన గడువుల్లో మళ్లీ వేయించాలి. టీకా ఐసులోనే తేవాలి. ఎండలో జేబులో పెట్టుకొచ్చింది పనిచేయదు. జబ్బు కోడికి వేయకూడదు. రెండు మూడు నెలలకొకసారి నులిపురుగుల మందు ఎంత, ఎలా వేయాలో కూడా అప్పుడే అడగండి. దుకాణంలో అడిగి తెచ్చిన యాంటీబయోటిక్‌ను నీళ్లలో కలిపేయకండి, ఆ మందు గుడ్డులోనూ చేరుతుంది.

ఒకేసారి నాలుగైదు కోళ్లు కారణం తెలియకుండా చనిపోతే వాటిని ఒట్టి చేతులతో ముట్టుకోకండి, వండకండి, కాలవలో పారేయకండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది కాబట్టి ఇది ఎక్కడో దూరదేశపు ముచ్చట కాదు. పశువైద్యశాలకు గానీ 1962 నంబరుకు గానీ ఫోన్ చేయండి. వాళ్లు చెప్పినట్టు సున్నం వేసి లోతుగా పూడ్చాలి.

సాయంత్రం: లెక్కపెట్టి మూయండి

పొద్దుగూకే వేళకు కోళ్లు వాటంతటవే గూటికి చేరతాయి. మేత గిన్నెను రోజూ ఒకే రకంగా తట్టి పిలిస్తే అలవాటు పడతాయి. కర్ర ఎక్కాక లెక్కపెట్టండి. ఒకటి తగ్గితే చెట్టు మీదో, గడ్డివాము సందులోనో ఉంటుంది, వెతికి తెచ్చి గూట్లో పెట్టండి. గుడ్లపెట్టెలో పాము గానీ దూరిందేమో టార్చి వేసి చూడకుండా చేయి పెట్టకండి. మిగిలిన మేత తీసేయండి, అది ఉంటే ఎలుకలు వస్తాయి, వాటి కోసం పాములొస్తాయి. గడియ వేసి ఒకసారి లాగి చూడండి.

ఈ వారం చేయాల్సినవి

1. తలుపు తీసే మనిషి, మూసే మనిషి, వాళ్లు లేనప్పుడు చూసే మనిషి, ఈ మూడు పేర్లు కాగితం మీద రాసి గూటి దగ్గర అంటించండి.
2. అదే కాగితం మీద రోజూ రెండు అంకెలు వేయండి: కోళ్లెన్ని, గుడ్లెన్ని. గుడ్ల అంకె వరసగా తగ్గుతుంటే జబ్బుకు అదే తొలి కబురు.
3. గూడు చుట్టూ తిరిగి రెండు వేళ్లు పట్టే సందు ఎక్కడున్నా మూయండి.
4. రాత్రి ఒక్కో కోడిని ఎత్తి బరువు, రొమ్ము, రెక్కల కింద పేలు చూడండి.
5. పశువైద్యశాలలో కొక్కెర టీకా ఏ రోజు వేస్తారో అడగండి.

ఆ అయిదో పని ఒక్కరే చేయకండి. టీకా సీసా విప్పి కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి, ఒక సీసా నూరు కోళ్ల దాకా వస్తుంది. నాలుగు కోళ్లకోసం సీసా విప్పితే మిగిలింది వృథా అవుతుంది, అందుకే చాలామంది అసలు వేయించరు. వీధిలో కోళ్లున్న ఇళ్లన్నీ తిరిగి ఒక రోజు అనుకుని అందరివీ కలిపి వేయించండి. కొక్కెర రోగానికి ఇంటి సరిహద్దు తెలియదు. పక్కింటి కోడికి టీకా వేయించడం మీ కోడిని కాపాడుకోవడమే.